వరహాలు టీచరు వేసిన సున్నా

కూర్మారావు మాస్టారి ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న నేతచీర ఏప్రిల్ నెలలో ఒక బుధవారం నాడు ఉతుకులో పడిపోయింది.

దాన్ని అక్కడ తగిలించింది ఆయన భార్య వరహాలు టీచరు. మాఘమాసంలో ఒకనాడు బడి నుంచి వచ్చి చీర మార్చుకుని, పెద్దగా మాయలేదు, రేపు కూడా ఇదే కట్టుకుంటానంది. రేపటికి ఆవిడ లేదు. చీర ఉండిపోయింది. సుద్దపొడి, కొబ్బరినూనె, బడిలో కప్పల్ని సీసాల్లో నిలవ ఉంచే మందు, ఈ మూడూ కలిసిన వాసన దానిది. ఆవిడ చెప్పేది జీవశాస్త్రం. తలుపు వేసినప్పుడల్లా చీర ఊగి, ఆ వాసన ఒకసారి గదిలోకి వచ్చి వెళ్ళేది. రెండు నెలలుగా మాస్టారు అవసరం లేకపోయినా ఆ తలుపు వేస్తూ తీస్తూ ఉన్నారు.

తమ్ముడికి సాయంగా ఉందామని టెక్కలి నుంచి వచ్చిన అక్క సన్యాసమ్మకు ఇది తెలియదు. ఇల్లంతా దులిపి, బట్టలన్నీ నానబెట్టి, బండ మీద బాది ఆరేసింది. సాయంత్రం మాస్టారు బడి నుంచి వచ్చేసరికి చీర మడతపెట్టి మంచం మీద ఉంది.

"ఏటిరా తమ్ముడా, అలాగ ఎన్నాళ్ళని ఒగ్గీసినావు? మాసిన గుడ్డ ఇంట్లో ఉంటే మనసు కూడా మాసిపోద్ది," అంది.

మాస్టారు చీర చేతిలోకి తీసుకుని చూశారు. సబ్బు వాసన, ఎండ వాసన.

"మంచి ఎండ కాసిందక్కా," అన్నారు. ఆయన పాతికేళ్ళకు పైగా తెలుగు చెబుతున్నారు. ఆ పూట ఆయనకు దొరికిన మాటలు అవి మాత్రమే.

అదే సాయంత్రం ఫోనులో ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు వెనక కొంత కథ ఉంది. కిందటి మే నెలలో పాఠశాలల ఆహ్లాద సంచాలకులవారు ఒక రేకుల షెడ్డులో జరుగుతున్న వేసవి తరగతిని తనిఖీ చేశారు. గుమ్మంలోనే ఆగి, "ఈ వాసన ఏమిటి?" అని అడిగారు. పాఠం చెబుతున్న పంతులు ఉన్నమాట చెప్పాడు: "చెమటండి." ఆ గదికి ఫ్యాను లేదని ఎవరో చెప్పబోయారు గానీ, ఫ్యాన్లు వేరే శాఖ. సంచాలకులవారు కారెక్కే లోపలే నిర్ణయం జరిగిపోయింది. వేసవి తరగతులు చెప్పే ఉపాధ్యాయులంతా ఇకపై ఒకే సెంటు చల్లుకోవాలి. మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు వేరే అయితే టెండర్లు రెండవుతాయి, సమానత్వానికి భంగం కలుగుతుంది. కాబట్టి "స్త్రీ పురుష భేదము లేనిదియు, సముద్రస్ఫూర్తి గలదియు, గ్రీష్మధారణకు అనువైనదియు అగు నూతన పరిమళ ద్రవ్యము" ఒకటి ఎంపిక చేశారు. పేరు సాగర సమీరం.

చల్లే ముందు దాన్ని ఎవరైనా పరీక్షించాలి కదా. మనుషుల్ని లెక్కపెట్టాలన్నా, గేదెల్ని లెక్కపెట్టాలన్నా, ఓట్లు లెక్కపెట్టాలన్నా, మరుగుదొడ్ల ఫొటోలు తీయాలన్నా పంతుళ్ళే ఉన్నారు. ఇదీ వాళ్ళకే పడింది. పంతుళ్ళకు పరీక్షించడంలో ఒకటే పద్ధతి తెలుసు. పదో తరగతి పేపర్లు దిద్దినట్టు, క్యాంపులో కూర్చుని కట్టలు కట్టలుగా దిద్దడం. సెంటుకూ స్పాట్ వాల్యుయేషనే ఖాయమైంది.

ఇద్దరికీ పనికొచ్చే సెంటు గనుక ఇద్దరూ దిద్దాలి. అందుచేత భార్యాభర్తలిద్దరూ ఉద్యోగంలో ఉన్న జంటల్ని ఏరి డ్యూటీ వేశారు. పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి మార్కులు ఒకరు చూడకూడదు. ఆ పట్టికలో మాస్టారు తమ పేరు చూసుకున్నారు. దాని పక్కనే ఆవిడ పేరు ఉంది. ఇద్దరి పేర్లు పక్కపక్కన అచ్చులో చూడటం శుభలేఖ తర్వాత అదే.

మర్నాడు మరణ ధ్రువపత్రం పట్టుకుని క్యాంప్ ఆఫీసరు బెహరా విశ్వనాథం గారి దగ్గరికి వెళ్ళారు.

"ఆవిడ పోయారని నాకు తెలుసు మాస్టారూ," అన్నారు బెహరా గారు, బాధగానే. "పెద్దకర్మకి వచ్చాను, భోజనం కూడా చేశాను. కానీ నాకు వ్యక్తిగతంగా తెలియడం వేరు, కార్యాలయానికి తెలియడం వేరు."

"ఆవిడ జీతం ఆ నెల నుంచే ఆపేశారండి."

"అది ఖజానా. వారికి అన్నీ త్వరగా తెలుస్తాయి. మనది విధుల విభాగం. మన పోర్టల్లో ఆవిడ ఇప్పటికీ 'అందుబాటులో ఉన్నారు' అనే ఉంది."

"ఈ పత్రం తీసుకుని సరిచేయండి మరి."

బెహరా గారు దాన్ని తాకలేదు. తాకితే స్వీకరించినట్టు అవుతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "వేసవి ముగిసేదాకా పేర్ల మార్పులు చేర్పులు తీసుకోకూడదని ఆదేశం. తీసుకుంటే నేను జవాబుదారీ అవుతాను."

"ఆవిడ ఎలా వస్తుందండీ?"

"రాకపోతే గైర్హాజరు. గైర్హాజరుకు మెమో. మెమోకు జవాబు రాకపోతే క్రమశిక్షణ చర్య." బెహరా గారు గొంతు తగ్గించారు. "ఆవిడ సర్వీసు మొత్తంలో ఒక్క మెమో లేదు మాస్టారూ. ఇప్పుడు మచ్చ పడాలా చెప్పండి."

వరహాలు ఒక్కసారి కూడా ఆలస్యంగా సంతకం పెట్టి ఎరగదు. జ్వరం వచ్చినా ప్రయోగం మధ్యలో ఆపేది కాదు.

"ఆవిడ కట్ట కూడా నేనే దిద్దుతానండి," అన్నారు.

"అదీ సహకారం అంటే."

క్యాంపు సముద్రపు ఒడ్డునే ఉన్న హైస్కూల్లో పెట్టారు. ప్రహరీ అవతల సరుగుడు తోట, తోట అవతల ఎండుచేపల బల్లలు, వాటి అవతల సముద్రం. ఒక్కొక్క పరీక్షకుడికి నలభై చిన్న గాజు సీసాల కట్ట ఇచ్చారు. అన్నింట్లోనూ పోసింది ఒకే డబ్బాలోని సెంటు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని కోడ్ నంబర్లు వేశారు. వేసినవాళ్ళు కూడా పంతుళ్ళే గనుక అందరికీ తెలుసు.

చీఫ్ ఎగ్జామినరు మజ్జి తులసమ్మ గారు లేచి కీ చదివి వినిపించారు. సముద్రస్ఫూర్తికి ఇరవై మార్కులు, తాజాదనానికి ఇరవై, వేసవికి ఇరవై, పురుషులకు తగినందుకు ఇరవై, స్త్రీలకు తగినందుకు ఇరవై.

డ్రిల్లు మాస్టారు చిన్నంనాయుడు చెయ్యెత్తాడు. ఆయన పక్కన ఆయన భార్య, హిందీ పండిట్ పద్మావతి, అప్పటికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"మేడం గారూ, సముద్రం అంటే ఏ సముద్రమండి? మన వెనకాల ఉన్నదాంట్లో చేపలుంటాయి, వలలుంటాయి, బోట్ల డీజిలుంటాది."

"కీలో ఉన్న సముద్రమే సముద్రం," అన్నారు తులసమ్మ గారు. "స్థానిక సముద్రాన్ని పరిగణనలోకి తీసుకోరాదు."

"సగం సముద్రం వస్తేనండి?"

"సగం మార్కులు."

"అసలు రాకపోతే?"

"రావడానికి ప్రయత్నించిందని మీకు అనిపిస్తే రెండు మార్కులు ఇవ్వండి. ఎవరినీ సున్నాతో పంపవద్దని పైనుంచి మౌఖిక సూచన."

పని మొదలై అరగంట కాలేదు, స్క్వాడ్ వచ్చింది. ముగ్గురు అధికారులు. గది మధ్యలో నిలబడి గాలి పీల్చారు. తర్వాత కిటికీల వైపు నడిచారు. సముద్రపు గాలి ధారాళంగా లోపలికి వస్తోంది. సీసాలు ఆ గాలిలోనే మూతలు తీసి ఉన్నాయి.

"ఇది బయటి నుంచి సహాయం," అన్నాడు స్క్వాడ్ పెద్ద. "సముద్రం నేరుగా వచ్చి సీసాలకు సముద్రం అందిస్తోంది. ఇందులో ఏ వాసన సీసాది, ఏ వాసన కాపీ కొట్టింది అని ఎలా నిర్ణయిస్తారు?"

కిటికీలన్నీ మూయించి, రెక్కలకు మేకులు కొట్టించారు. తర్వాత ఫ్యాన్లు ఆపించారు. ఫ్యాను తిరిగితే ఒక సీసా వాసన పక్క సీసాలోకి పోతుంది, అంటే పక్కవాడి పేపరు చూసి రాసినట్టు. వెళ్ళే ముందు కిటికీల మీద మాల్ ప్రాక్టీస్ కేసు ఒకటి నమోదు చేశారు. మధ్యాహ్నానికి గదిలో తాజాదనాన్ని దిద్దుతున్న అరవైమంది పంతుళ్ళు తడిసి ముద్దయ్యారు. కిందటి మే నెలలో సంచాలకులవారు పీల్చిన వాసన మళ్ళీ పుట్టింది. ఈసారి రేకుల షెడ్డు లేకుండానే.

"నా ముక్కు ఇంక పని చెయ్యట్లేదే," అన్నాడు చిన్నంనాయుడు భార్యతో, గుసగుసగా.

"ఇంట్లో ఎప్పుడు పని చేసింది గనక. పాలు మాడితే ఎప్పుడైనా తెలిసిందా?"

"నువ్వెంత వేశావో చెప్పు, నేనూ అంతే వేసేస్తాను."

"అరవై. దీని పుణ్యమా అని పెళ్ళయిన కాడ్నుంచి మొదటిసారి నామాట వింటున్నారు, ఆ మాత్రం ఇస్తాను."

సాయంత్రానికి మార్కులు తేలాయి. ఒకే డబ్బాలోని సెంటు కొన్ని సీసాల్లో డిస్టింక్షన్ తెచ్చుకుంది, కొన్ని సీసాల్లో తప్పింది. తప్పిన సీసాల్ని సప్లిమెంటరీ కోసం వేరే బల్ల మీద పెట్టారు. తమ డబ్బా నుంచి ఫస్టుక్లాసులు ఎక్కువ వచ్చాయని కంపెనీ ప్రతినిధి మిఠాయి పంచాడు.

కూర్మారావు మాస్టారు తమ కట్టలో ప్రతి సీసాకూ యాభై రెండు వేశారు. పక్కన రాయవలసిన చోట, పిల్లల నోటుపుస్తకాల్లో రాసే మాటే రాశారు: "ఫరవాలేదు. ఇంకా శ్రద్ధ అవసరం." ఆయన ఎవరి గురించి అయినా ఇంతకంటే ఎక్కువా రాయరు, తక్కువా రాయరు.

తర్వాత ఆవిడ కట్ట ముందుకు జరుపుకున్నారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందులోకి మారి కూర్చోవడం ఎందుకో బాగుండదనిపించింది. తమ కుర్చీలోంచే చెయ్యి చాచారు.

అన్నింటికీ యాభై రెండే వేసి లేద్దామనుకున్నారు. కలం పెట్టబోయి ఆగారు. వరహాలు ఆయన వేసిన మార్కులు ఏనాడూ వేయలేదు. పక్కింటివాళ్ళు పులుసు పంపిస్తే ఆయన "బాగుంది, ఉప్పు సంగతి మళ్ళీసారి చూసుకోవచ్చు" అనేవారు. ఆవిడ "ఉప్పు లేదు" అనేది. ఎందుకలా సున్నాలు వేస్తావని ఒకసారి అడిగితే చెప్పింది: "రానివాడికి అయిదు వేసి పంపిస్తే, అయిదు మార్కులకి వచ్చేసిందనుకుంటాడు మాస్టారూ. సున్నా వేస్తే ఏడుస్తూ నా దగ్గరికొస్తాడు. అప్పుడు కూచోబెట్టి చెప్తాను." ఆవిడ ఇంట్లో కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలిచేది.

సీసా మూత తీసి, ఆవిడ అయితే ఎలా చూస్తుందో అలా చూద్దామని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మొదట నిమ్మతొక్కలాంటిది వచ్చింది. దాని వెనక చల్లగా ఏదో. ఆ వెనక ఇంకేమైనా ఉంటుందేమోనని కళ్ళు మూసుకుని కాచుకున్నారు. ఏమీ రాలేదు. ఈ ఏమీలేకపోవడం ఎక్కడో ఎరిగినదే అనిపించింది. ఎక్కడో గుర్తొచ్చింది. మంచం మీద మడతపెట్టి ఉన్న చీర.

మాస్టారు సున్నా వేశారు. పక్కన రాశారు: "ఇది సముద్రం కాదు. ఉన్నదాన్ని కడిగేసిన వాసన."

మిగతా ముప్పైతొమ్మిది సీసాలకూ మూత తీయకుండానే సున్నాలు వేశారు. అన్నీ ఒకటేనని తెలిసీ నలభైసార్లు వాసన చూసే ఓపిక ఆవిడకు ఉండేది కాదు.

భార్యాభర్తల మార్కుల మధ్య పది కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ సెంటు ఇద్దరికీ ఒకటి కానట్టే. అప్పుడు దాంపత్య సమన్వయ సమావేశం జరపాలని నిబంధన. మర్నాడు క్యాంప్ ఆఫీసరు గదిలో ఒక బల్లకు ఇటు బెహరా గారు, తులసమ్మ గారు కూర్చున్నారు. అటు రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో మాస్టారు కూర్చున్నారు.

బెహరా గారు గొంతు సవరించుకుని రెండో కుర్చీ వైపు తిరిగారు. "అమ్మా, వరహాలు టీచర్ గారూ. తమరు అనుభవజ్ఞులు. ప్రభుత్వ ధ్యేయాన్ని అర్థం చేసుకోగల విజ్ఞులు. కనీసం ముప్పై అయిదుకు సుముఖత చూపగలరేమో సానుకూలంగా ఆలోచించండి."

కాసేపు ఆగారు. తులసమ్మ గారు మినిట్స్‌లో రాశారు: సదరు ఉపాధ్యాయిని మౌనము వహించిరి.

"మౌనం అర్ధాంగీకారం," అన్నారు బెహరా గారు, తేలికపడుతూ. "అర్ధం అంటే సగం. నూటికి సగం యాభై. మీది యాభై రెండు. తేడా రెండే. సమన్వయం కుదిరింది."

"ఆవిడ విషయంలో అలా కాదండి," అన్నారు మాస్టారు.

"ఎలా కాదు?"

"ఒప్పుకుంటే ఏదో ఒకటి అనేది. సరే అనో, పోనీ మీ ఇష్టం అనో. ఏమీ అనలేదంటే ఒప్పుకోలేదని."

బెహరా గారు తులసమ్మ గారి వంక చూశారు. తులసమ్మ గారికీ పెళ్ళయి చాలాకాలమైంది. "అది నిజమేనండి," అన్నారావిడ, కలం మూస్తూ.

"మాస్టారూ, ఇంటికెళ్ళి మీరే ఒకసారి నచ్చచెప్పి చూడండి."

"ఇంట్లో కూడా ఆవిడ మాటే నెగ్గేదండి."

సమావేశం వాయిదా పడింది. సదరు ఉపాధ్యాయిని తన అభిప్రాయము నుండి కదలలేదని పైకి రాశారు.

జిల్లాలో మిగతా జంటలన్నీ సమన్వయం కుదుర్చుకున్నాయి, తప్పిన సీసాలు సప్లిమెంటరీలో గట్టెక్కాయి. మిగిలింది ఈ ఒక్క సున్నా. స్త్రీల వైపు ఒక్కరు తప్పించినా సెంటు తప్పినట్టే అని ఉత్తర్వు రాసినవాళ్ళు తామే రాసుకున్నారు. సంచాలకుల కార్యాలయంలో కలవరం పుట్టింది. ఎవరీ వరహాలు, వెనక ఎవరున్నారు, జీవశాస్త్రం ఆమె అంటే సెంటులో ఏదో కనిపెట్టి ఉంటుందా, అని ఆరా తీశారు. స్టాఫ్ రూముల్లో ఆవిడ పేరు పాకింది. ఆవిణ్ణి ఎన్నడూ చూడనివాళ్ళు, "గట్టి మనిషండి, ఎవరికీ లొంగదట," అని చెప్పుకున్నారు. ఉపాధ్యాయ సంఘంవారు ఆవిడకు సన్మానం తలపెట్టి, తేదీ వీలు కనుక్కోమని మాస్టారికి కబురు చేశారు.

అంతలో పై కార్యాలయంలో ఎవరికో శుభవార్త తెలిసింది. ఆవిడ చనిపోయింది. కార్యాలయమంతా ఊపిరి పీల్చుకుంది. లేని మనిషి వేసిన మార్కులు లేనట్టే. పోయినట్టు కాగితం ఒక్కటి చేరితే చాలు, పేరు పోతుంది, పేరుతో సున్నా పోతుంది, సాగర సమీరం పాసవుతుంది. పేర్ల మార్పులకు ఒక్కరోజు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు.

బెహరా గారు ఆటోలో మాస్టారి ఇంటికి వచ్చారు. ఆదర్శంగా ఉంటుందని సాగర సమీరం చల్లుకుని వచ్చారు. తలుపు తీసిన సన్యాసమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏటి బాబూ, ఎక్కడో ఏటో కడిగొస్తన్నారేటి?"

"నేను క్యాంప్ ఆఫీసర్నమ్మా."

"అయితే అయినారు. చెప్పులొగ్గీసి కూకోండి, మజ్జిగిస్తాను."

మజ్జిగ తాగి, బెహరా గారు కండువాతో మూతి తుడుచుకున్నారు. "మాస్టారూ, ఆ మరణ ధ్రువపత్రం ఇప్పించండి. అసలు ఇటువంటి విషయం మీరు మొదట్లోనే మా దృష్టికి తేవలసింది."

"తెచ్చానండి. మీరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు."

"అది గతం. గతాన్ని తవ్వుకోవద్దు. ఇవాళ ఇచ్చారంటే ఆవిడ పేరు గౌరవప్రదంగా తొలగిస్తాం. ఈ సున్నా గొడవ కూడా ఉండదు. ఆవిడ సర్వీసు కడిగిన ముత్యంలా ఉంటుంది."

మాస్టారు ఆ మాట విని లేచి లోపలికి వెళ్ళారు.

బీరువా తలుపు వెనకే ఉంది. దాన్ని తెరవాలంటే గది తలుపు మూయాలి. మూశారు. కొక్కేనికి చీర ఊగింది. అక్క మడతపెట్టిన చీరను ఆయన ఆ మర్నాడే మళ్ళీ అక్కడ తగిలించారు. ఇప్పుడు దాంట్లో సబ్బు వాసన కూడా లేదు. ధ్రువపత్రం తీసి చూశారు. పేరు, భర్త పేరు, తేదీ, కారణం. తప్పులు ఏమీ లేవు. ఎర్రసిరా పెట్టవలసిన చోటు ఒక్కటీ లేదు. ఈ కాగితం వాళ్ళ చేతికి వెళితే, ఎవరికీ ఒప్పుకోని ఆ మనిషి ఇక ఎక్కడా ఉండదు. దాన్ని తిరిగి బీరువాలో పెట్టి బయటికి వచ్చారు.

"జిరాక్సు తీయించాలండి," అన్నారు.

"ఇటివ్వండి, నేనే తీయిస్తాను."

"ఒరిజినల్ బయటికి ఇవ్వనండి. రేపు పంపిస్తాను."

"మీరు మాట తప్పే మనిషి కాదు," అని బెహరా గారు లేచారు. ఆటో వెళ్ళిన తర్వాత సన్యాసమ్మ ముందుగది కిటికీలన్నీ తెరిచింది. సముద్రపు గాలి ఎండుచేపల వాసనతో సహా లోపలికి వచ్చింది.

మర్నాడు జిరాక్సు దుకాణంలో కరెంటు లేదు. ఆ మర్నాడు ఆదివారం. తర్వాత ఒకటి రెండు రోజులు మాస్టారు ఆ వీధికి వెళ్ళలేదు. ఈలోగా ఆ ఒక్కరోజు అనుమతి గడువు తీరింది, మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ తీరింది. వానలు పడ్డాయి. సెంటు డబ్బాలు హైస్కూలు గదిలోనే ఉన్నాయి. మేకులు కొట్టిన కిటికీలు కూడా అలాగే ఉన్నాయి, వాటి మీద కేసు తేలలేదు. ఆగస్టులో వరహాలు టీచరుకు ఓటర్ల జాబితా సవరణ డ్యూటీ పడింది. తమ వీధులు తిరిగిన తర్వాత ఆవిడ వీధులు కూడా మాస్టారే తిరిగారు. బెహరా గారు ఎదురుపడినప్పుడల్లా అడుగుతారు. తీయిస్తానండి, అంటారు మాస్టారు.

జిరాక్సు ఇంకా తీయించలేదు.